ఏనుగు తొండం ఎటువైపు

జనవరి 4, ఆదివారం

ఈ డైరీ పళ్ళ సామాన్ల కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చింది. ప్రతి పేజీ అడుగునా ఒక దంతం బొమ్మ. ఏటా ఎవరికో ఒకరికి ఇచ్చేస్తాను. ఈ ఏడు నాకే పనికొచ్చింది. ఎక్కడో ఒకచోట కక్కకపోతే మా ఆవిడ మీద అరిచేలా ఉన్నాను. ఆవిడ తమ్ముడి మీద కోపాన్ని ఆవిడ దగ్గర చూపించి బతికి బట్టకట్టలేను.

ఇవాళ క్లబ్బు. క్లబ్బు అనేది పెద్ద మాట. ఫోటో స్టూడియో వెనక గదిలో, ఆదివారం పొద్దున పదింటికి, అయిదుగురం చేరి ప్లాస్టిక్ ముక్కలు అతికించి చేసే మిలిటరీ బళ్ళ గురించి మాట్లాడుకుంటాం. ట్యాంకులు, జీపులు, లారీలు. అన్నీ అసలు బండిలో ముప్పయ్యైదో వంతు. స్టూడియో ఆయన గది ఇస్తాడు, టీ ఇస్తాడు. బస్ కండక్టరు కిట్లు కొంటాడు గానీ పెట్టె తెరవడు. వాళ్ళింట్లో మంచం కింద అరవై పెట్టెలున్నాయి, భార్యకి తెలిసినవి పన్నెండు. లెక్కల మాస్టారు ఎవరి మోడల్ చూసినా గుండుసూది మొనతో రివెట్లు లెక్కపెడతాడు, అందుకని రివెట్ మాస్టారు. తర్వాత నేను. ఆ తర్వాత మా బావమరిది.

వాణ్ణి క్లబ్బుకి తీసుకొచ్చింది నేనే. ఎవరూ బలవంతం చేయలేదు.

కొత్త ఏడాది మొదట్లో కంపెనీలు ఆ ఏడు రాబోయే కిట్ల లిస్టులు ప్రకటిస్తాయి. మాకు అదే రిజల్ట్స్ రోజు. బావమరిది ఫోన్లో చూసి చదువుతున్నాడు, మిగతావాళ్ళు తలా ఒకటి అంటున్నారు. మళ్ళీ అదే ట్యాంకా, ఈసారి మూత తెరుచుకుంటుందా అన్నాడు కండక్టరు. చైన్ ఒకటే ముక్కా, విడి లింకులా అని రివెట్ మాస్టారు. విడి లింకులైతే ఆయనకి పండగ, మాకు కళ్ళనొప్పులు. నవ్వుకుంటున్నాం. ఉన్నట్టుండి బావమరిది చదవడం ఆపేశాడు. ఫోన్ నా చేతికిచ్చాడు. బావా, నువ్వే చూడు, అన్నాడు.

ఏనుగు. నా ఏనుగు. మార్చిలో విడుదల.

అందరూ నా మొహమే చూస్తున్నారు. ఎవరింట్లోనో ఏదో జరిగినప్పుడు చూసినట్టు. స్టూడియో ఆయన నా కప్పులో ఇంకొంచెం టీ పోశాడు.

జనవరి 5

వాడు అప్పుడే ప్రీ-ఆర్డర్ పెట్టేశాడట. మా ఆవిడ చెప్పింది. సంతోషంగా చెప్పింది.

జనవరి 7, బుధవారం. ల్యాబ్, లంచ్ టైము

ఎవరూ చదవరు గనక మొదట్నుంచీ రాసుకుంటాను.

నేను డెంటల్ టెక్నీషియన్ని. డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తారు, నేను పళ్ళు చేసి పంపిస్తాను. పక్క పన్ను రంగుకి నా పన్ను రంగు కలవాలి. తెలుపులో పదహారు రకాల తెలుపులుంటాయని నాకు తెలిసినంత బాగా ఈ వీధిలో ఎవరికీ తెలియదు. ఆ చేతులతోనే ఇంటికెళ్ళి బళ్ళు చేస్తాను.

నాన్న మిలిటరీలో డ్రైవరు, మెకానిక్కు. ఆయన నడిపింది రికవరీ బండి. చెడిపోయిన బళ్ళని లాక్కొచ్చే బండి. కింద మామూలు ఆరు చక్రాల లారీయే. వెనక క్రేన్ మాత్రం వాళ్ళ వర్క్‌షాపులోనే కట్టారు. మొత్తం పాతికో ముప్పయ్యో తయారయ్యాయి. నాన్న దాన్ని ఏనుగు అనేవాడు, క్రేన్‌ని తొండం అనేవాడు. అంతకుమించి నాతో ఏమీ అనలేదు. నాకు ఆరేళ్ళప్పుడు మిలిటరీ మానేసి వచ్చి, ఒక షెడ్డులో పనిలో చేరి, మాట్లాడటం కూడా మానేశాడు.

ఒక్క ఫోటో ఉంది. బండి వెనకనుంచి తీసింది. నంబరు ప్లేటు మీద తాళ్ళు వేలాడుతుంటాయి. ఎడమపక్క క్రేన్, దానికి ఆనుకుని నాన్న. పాతికేళ్ళవాడు, నవ్వుతూ. కుడి చేతికి వాచీ. నాకు తెలిసిన నాన్న వాచీ పెట్టుకోడు, షెడ్డులో గ్రీజు అంటుతుందని. ఆ ఫోటో చూసే నేను ఇంటర్లో ఉన్నప్పుడు వాచీ కుడి చేతికి పెట్టుకోవడం మొదలుపెట్టాను. ముప్పయ్యయిదేళ్ళయింది. ఎడమచేతివాటమా అని అందరూ అడుగుతారు. కాదు. మా నాన్న వాటం.

ఈ బండికి కిట్టు లేదు, రాదు అనుకునే నాలుగేళ్ళ క్రితం మొదలుపెట్టాను. ప్లాస్టిక్ షీట్లు కోసి, ఇత్తడి తీగలు వంచి, క్రేన్ ఊచలు ఒక్కొక్కటీ అరగదీసి. పక్కన నాన్న బొమ్మ కూడా, బొటనవేలంత. లెన్స్ పెట్టుకుని చొక్కా గుండీలు చెక్కాను, కుడి చేతికి వాచీ చెక్కాను. ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. ఇప్పుడు పెట్టెలో పెట్టి అమ్ముతారట, ఎవడు పడితే వాడు మూడు వారాల్లో అతికించుకోవచ్చట.

ఎవడు పడితే వాడు కాదు. వాడు.

జనవరి 8

నిన్న అసలు సంగతి రాయలేదు. రాస్తాను.

మా బావమరిది ఫిజియోథెరపిస్టు. అయిదేళ్ళ క్రితం నాన్నకి పక్షవాతం వచ్చాక, ఆయన పోయేదాకా పదకొండు నెలలు రోజూ సాయంత్రం వచ్చి చేతులూ కాళ్ళూ ఆడించేవాడు. ఎక్సర్‌సైజు చేయిస్తూ మాట్లాడించడం వాడి వృత్తి. నాన్న మాట్లాడేవాడు! నాతో యాభై ఏళ్ళలో మాట్లాడని మనిషి వాడితో గంటలు గంటలు మాట్లాడేవాడు. నేను పక్కగదిలో బెంచీ దగ్గర కూర్చుని ఆకురాయి రాస్తుండేవాణ్ణి. నన్ను ఉడికించడానికే అన్నట్టు నాన్న గొంతు పెద్దది చేసేవాడు. ఏనుగు, తొండం, బురద అనే మాటలు వినబడేవి, తర్వాత ఇద్దరి నవ్వులు. నేను లేచి తలుపు వేసేవాణ్ణి. పెయింటు వాసన లోపలికి పోతుందని మా ఆవిడకి చెప్పేవాణ్ణి.

కుళ్ళు. ఇంకో పేరు లేదు. పోయిన నాన్న మీద, ఉన్న బావమరిది మీద, ఇద్దరి మీదా.

జనవరి 11, ఆదివారం

ఏప్రిల్ 12న ఎగ్జిబిషన్. ఎప్పటిలాగే లైబ్రరీ హాల్లో. హాలు మధ్యలో ఒక గాజు పెట్టె ఉంటుంది, క్లబ్బు ఓట్లేసి ఒక్క మోడల్‌ని అందులో పెడుతుంది. మూడేళ్ళు నావే పెట్టారు. పోయిన ఏడు వాడి జీపు. జీపు! బురద బాగా వేశాడట. రివెట్ మాస్టారు కూడా బురదకే ఓటేశాడు. బురదలో రివెట్లు కనబడవు కదా అంటే, ఒక్కోసారి కనబడకపోవడమే అందం అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం నేను మర్చిపోను.

ఈసారి ఏనుగు. ముందే చెప్పేశాను. అందరూ తలలూపారు.

బయటికొస్తుంటే బావమరిది స్కూటరు తీస్తూ, బావా, తొండం అటువైపేనంటావా, అన్నాడు. నాలుగేళ్ళ క్రితం కూడా సరిగ్గా ఇదే అడిగాడు. అప్పుడు చెప్పిందే చెప్పాను. ఫోటో నా దగ్గరుంది, నీ దగ్గర కాదు. వాడు హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

జనవరి 25

కిట్లు తెచ్చే ఓడ మునిగిపోవాలని కోరుకున్నాను. అందులో మనుషులుంటారని గుర్తొచ్చి, మనుషులు ఈదుకుంటూ ఒడ్డుకి చేరాలని కూడా కోరుకున్నాను.

ఫిబ్రవరి 3, మంగళవారం. సాయంత్రం 5.20

కంపెనీ వాళ్ళు కిట్ డ్రాయింగులు పెట్టారు. ల్యాబ్‌లో చేతిలో ఉన్న మైనపు పన్ను పక్కనపెట్టి చూశాను.

క్రేన్ కుడివైపు పెట్టారు!

మూడుసార్లు చూశాను. నాలుగోసారి చూడక్కర్లేదు. వెనకనుంచి చూస్తే కుడివైపు. తప్పు. శుద్ధ తప్పు. అంత పెద్ద కంపెనీ, అన్ని కంప్యూటర్లు, ఎక్కడో తుప్పుపట్టి పడున్న ఒక బండిని కొలుచుకొచ్చారట. దాన్ని ఎన్నిసార్లు విప్పి ఎన్నిసార్లు బిగించారో ఎవడికి తెలుసు?

నా కడుపు ఎంత చల్లగా ఉందంటే, మా ఆవిడ ఇవాళేంటి విశేషం అని అడిగింది. ఏమీ లేదన్నాను. ఈల వేస్తున్నానట.

ఫిబ్రవరి 4

హాబీవాళ్ళ ఫోరంలో రాశాను. అందులో నలభై వేలమంది ఉన్నారు. పదకొండు పాయింట్లు. ఫోటో జతచేశాను. ఇందులో ఉన్నది మా నాన్న, ఈ బండి నడిపిన మనిషి, ఆయన కుర్చీల్లో కూర్చుని డ్రాయింగులు గీయలేదు, అని చివర్లో రాశాను. ఆ వాక్యం బాగా కుదిరింది. రెండుసార్లు చదువుకున్నాను.

ఫిబ్రవరి 6

మూడొందల డెబ్భై రిప్లైలు. ఎవరో నన్ను మాస్టర్ అన్నాడు. ఇంకెవరో ఈ ఫోటో బంగారం అన్నాడు. కిట్టు కోసం ఎదురుచూస్తుంటే మధ్యలో నీకెందుకు అని తిట్టినవాళ్ళూ ఉన్నారు. ఆ తిట్లు కూడా తియ్యగానే ఉన్నాయి.

మా బావమరిది ఒక్క ముక్క రాయలేదు. ఆన్‌లైన్లో ఉన్నాడు. పచ్చచుక్క కనబడుతూనే ఉంది.

ఫిబ్రవరి 8, ఆదివారం

క్లబ్బులో రాజభోగం. కండక్టరు నాకు కుర్చీ లాగి వేశాడు. రివెట్ మాస్టారు నా పదకొండు పాయింట్లకి పన్నెండోది కలుపుతానన్నాడు. వాడు మూలన కూర్చుని కింద పడ్డ ప్లాస్టిక్ తునకలు ఏరుతున్నాడు. నీ ప్రీ-ఆర్డర్ ఏమైందిరా అని అడిగాను, తెలిసీ. ఆగింది బావా అన్నాడు. అయ్యో అన్నాను. నా అయ్యో నాకే నచ్చలేదు, కానీ అన్నాను.

ఫిబ్రవరి 15

వాడు ఇంటికొచ్చాడు. అక్కని చూడ్డానికన్నాడు. ఆవిడ వంటగదిలో ఉండగా నా గదిలోకి వచ్చి ఏనుగు ముందు నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు, మోడల్ని ముట్టుకోకూడదు గనక. ఆ మర్యాద నేర్పింది నేనే. చాలా బాగుంది బావా అన్నాడు. నిజంగానే అన్నాడనిపించింది, అందుకే ఒళ్ళు మండింది.

తర్వాత ఫోటో చూపించమన్నాడు, అసలు ప్రింటు. ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు. నాన్న మొహం మీద బొటనవేలు ఆనకుండా, అంచులు పట్టుకుని. ఏదో అనబోయి, మావయ్యగారు ఎంత సన్నగా ఉండేవారో, అని తిరిగి ఇచ్చేశాడు.

కాపీ కొట్టడానికి వచ్చాడు. అంతే. ఇంకేముంది?

ఫిబ్రవరి 20

కంపెనీ ప్రకటన: కొత్త ఆధారాలు వచ్చినందువల్ల విడుదల వాయిదా. కొత్త ఆధారాలు. అంటే నేను.

మార్చి 6, శుక్రవారం

పని మీద ధ్యాస లేదు. ఇవాళ చేసిన రెండు పళ్ళు రేపు మళ్ళీ చేయాలి.

కంపెనీ నుంచి మెయిల్. వాళ్ళు కొలిచిన బండిని తర్వాతి కాలంలో మరమ్మతు చేసినట్టు తేలిందట. సర్వీసులో ఉండగా తీసిన ఫోటో ప్రపంచంలో నాది ఒక్కటేనట. క్రేన్‌ని ఎడమవైపుకి మార్చి అచ్చులు మళ్ళీ చేయిస్తారట. కిట్టులో వేసే పుస్తకం మొదటి పేజీలో నాన్న ఫోటో, కింద నాన్న పేరు, నా పేరు! మార్చి 20 లోపల ఫోటో పెద్దసైజులో స్కాన్ చేసి పంపమన్నారు.

నాన్న పేరు. ప్రతి పెట్టెలో.

వాడికి మెయిల్ చూపించాలి. ఇప్పుడే వెళ్ళి చూపించాలి. ఆగు. ఎగ్జిబిషన్ రోజు, గాజు పెట్టె పక్కన, అందరి ముందూ.

మార్చి 9, సోమవారం

స్కానింగ్‌కి ఫోటో స్టూడియో ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. షాపులో ఎవరూ లేరు. గాజు మీద పెట్టేముందు దుమ్ము చూడ్డానికని లెన్స్ పెట్టుకున్నాడు. చూస్తున్నాడు, చూస్తున్నాడు. నేను పుస్తకం గురించి చెబుతూనే ఉన్నాను.

మీ నాన్నగారిది ఎడమచేతివాటమా, అని అడిగాడు. కాదన్నాను. మరి వాచీ, అన్నాడు. అది ఆయన స్టైలు అన్నాను. ఆయన లెన్స్ నాకిచ్చి చొక్కా చూడండి అన్నాడు. మగవాళ్ళ చొక్కాకి కాజాలు ఎడమవైపుంటాయి, గుండీలు కుడివైపు, మీ చొక్కా చూసుకోండి, అన్నాడు.

చూసుకున్నాను. ఫోటో చూశాను. మళ్ళీ నా చొక్కా చూసుకున్నాను.

ఆయన చాలా మెల్లిగా చెప్పాడు. పాతరోజుల్లో ప్రింటు వేసేటప్పుడు నెగటివ్ తిరగేసి పెట్టేవాళ్ళు ఒక్కోసారి, కుర్రతనంలో నేనూ పెట్టాను, పెళ్ళి ఫోటోలో పెళ్ళికూతుర్ని అటుపక్కకి మార్చేసి తిట్లు తిన్నాను. అక్షరాలు కనబడితే దొరికిపోతాం, ఇందులో నంబరు మీద తాళ్ళున్నాయి, ఎవరికి తెలుస్తుంది, అన్నాడు.

ఫోటో మొత్తం తిరగబడింది. కుడి ఎడమైంది. కుడివైపు తొండం.

ఆ గుండీలు లెన్స్ పెట్టుకుని నేనే చెక్కాను. ఫోటోలో ఎలా ఉన్నాయో అచ్చు అలాగే. ముప్పయ్యైదో వంతులో పొల్లుపోకుండా తప్పు చెక్కాను.

స్కాన్ చేయమంటారా అని అడిగాడు. తర్వాత వస్తానన్నాను. ఎవరికీ చెప్పను అని ఆయనే అన్నాడు, నేను అడగకుండానే.

మార్చి 10

ఎవరికీ తెలియదు. పంపించేస్తే ఎవరికీ తెలియదు.

మార్చి 12

రెండు రోజులుగా లెక్కలేస్తున్నాను. పంపితే: నాన్న పేరు అన్ని పెట్టెల్లో, గాజు పెట్టెలో నా ఏనుగు, వాడు మూలన. ప్రపంచంలో ఎన్ని వేలమంది చేస్తే అన్ని వేల ఏనుగులకీ తొండం తప్పు వైపు. నాన్న రోజూ పట్టుకుని పనిచేసిన క్రేన్. ఆయన మాట్లాడని మనిషి, ఆ ఒక్కదాని గురించే మాట్లాడాడు. దాన్నే నేను తప్పు చేసి ఆయన పేరు కింద వేయిస్తాను.

పంపకపోతే: నలభై వేలమంది నవ్వుతారు. అది భరించగలను. వాడు నవ్వితే?

మార్చి 13, శుక్రవారం. సాయంత్రం

మెడనొప్పి అని వాడి క్లినిక్కి వెళ్ళాను. నొప్పి నిజమే, ముప్పయ్యేళ్ళుగా ఉంది. బల్ల మీద బోర్లా పడుకోమన్నాడు. మొహం బల్లకున్న కన్నంలో పెట్టాక కింద వాడి చెప్పులే కనబడతాయి. అలా అడగడం సులువైంది.

తొండం ఎటువైపురా, అన్నాను.

వాడు మెడ నొక్కుతూనే చెప్పాడు. పక్షవాతం వచ్చింది ఎడమవైపుకైతే మావయ్యగారి కుడి భుజం కూడా పైకి లేచేది కాదు. ఎందుకని అడిగితే మొదటిసారి నోరు విప్పారు. క్రేన్ హ్యాండిల్ వెనక్కి తిరిగి కొట్టిందట, బురదలో, ఇరవై ఆరేళ్ళప్పుడు. క్రేన్ కుడివైపు, తాళ్ళ పెట్టె ఎడమవైపు అని చేత్తో గాల్లో గీసి చూపించేవారట.

నాన్న భుజం. ఆ భుజం మీద ఎక్కి తిరిగాను నేను. ఎప్పుడూ ఎడమ భుజం మీదే ఎక్కించుకునేవాడు. ఇవాళ తెలిసింది ఎందుకో. అది కూడా వాడి నోటి నుంచే తెలియాలా?

మరి చెప్పలేదేం అన్నాను. గట్టిగానే అన్నాను, పక్క బల్ల మీద ముసలావిడ తలెత్తినట్టుంది. నాలుగేళ్ళ క్రితం అడిగాను, జనవరిలో మళ్ళీ అడిగాను, ఫోటో ఉందన్నావు, అన్నాడు. జబ్బు మనిషి జ్ఞాపకం కదా, ఫోటోయే నిజమేమో అనుకున్నాడట. కంపెనీ డ్రాయింగు కూడా కుడివైపే వచ్చాక అనుమానం వచ్చి, ప్రింటు చూడ్డానికి వచ్చాడు. గుండీలు చూశాడు. అప్పటికే నేను పోస్టు పెట్టేశాను. చెబితే నీ మీద కుళ్ళుతో చెప్పాననుకుంటావు బావా, అన్నాడు.

నా మీద కుళ్ళు! వాడికి!

ఎందుకుండదు అన్నాడు. నువ్వు పక్కగదిలో ఉన్నంతసేపూ మావయ్యగారు నాతో మాట్లాడుతూ నీ తలుపువైపే చూసేవారు. నేను చెయ్యి ఆడిస్తుంటే, వాడికి వినబడుతుందంటావా, అని అడిగి, ఇంకా గట్టిగా చెప్పేవారు. నువ్వు తలుపు వేశాక గొంతు తగ్గించేసేవారు. ఆ తర్వాత ఎక్సర్‌సైజు కూడా సరిగ్గా చేసేవారు కాదు.

నేను మొహం కన్నంలోంచి తీయలేదు. కింద వాడి చెప్పు మీద చుక్కలు పడ్డాయి. వాడు కాలు తీయలేదు. మెడ రాస్తూనే ఉన్నాడు.

మార్చి 14

నాకు వినబడాలని.

మార్చి 15, ఆదివారం

క్లబ్బుకి వెళ్ళలేదు. పొద్దున్నే మెయిల్ రాశాను. ఫోటో తిరగబడింది, మీ డ్రాయింగే కరెక్టు, క్రేన్ కుడివైపే ఉంచండి, క్షమించండి. స్కాన్ పంపలేదు. ఫోరంలో కూడా రాశాను, ఈసారి పాయింట్లు లేవు, నాలుగు వాక్యాలు. అందులో ఒక వాక్యం రాయడానికి గంట పట్టింది: ఈ సంగతి నాకంటే ముందు మా బావమరిదికి తెలుసు.

మా ఆవిడ వెనక నిలబడి చదివింది. నేరుగా వెళ్ళి తమ్ముడికి ఫోన్ చేసింది. అరగంట మాట్లాడుకున్నారు. నా గురించే.

మార్చి 17

తిట్లు అయిదొందలు దాటాయి. నా వల్ల కిట్టు మూడు నెలలు లేటు. ఒకడు నన్ను అద్దం మాస్టర్ అన్నాడు. బాగానే ఉంది పేరు. కంపెనీ రెండు లైన్ల జవాబిచ్చింది, థాంక్స్ అని. పుస్తకం మాట ఎత్తలేదు.

మార్చి 22, ఆదివారం

కుర్చీ ఎవరూ లాగి వేయలేదు. నేనే లాక్కున్నాను. రివెట్ మాస్టారు గుండుసూది పక్కనపెట్టి, మీ పన్నెండో పాయింటు నేనే కదా కలిపాను, సగం తప్పు నాది కూడా రాసుకోండి, అన్నాడు. ఏడవలేక నవ్వాను. తర్వాత అందరూ నవ్వారు. వాడొక్కడు నవ్వలేదు.

గాజు పెట్టెకి ఓటింగ్. ఏనుగుని లెక్కలోంచి తీసేయమన్నాను. వాడు ఈ ఏడు చేసిన మిలిటరీ అంబులెన్సుకి నాలుగు ఓట్లు. నాలుగోది నాది. వేసేటప్పుడు చెయ్యి లేవడానికి టైము పట్టింది, అందరూ చూశారు.

ఏప్రిల్ 12, ఆదివారం. లైబ్రరీ హాలు, మధ్యాహ్నం

జనం బాగానే వచ్చారు. గాజు పెట్టె చుట్టూ గుంపు. అంబులెన్సు బాగుంది. చక్రాల మీద ఆరిన మట్టికీ తడిమట్టికీ తేడా చూపించాడు. నేనైతే చూపించలేను. ఇది ఇక్కడ తప్ప ఎక్కడా ఒప్పుకోను.

నా బల్ల గోడపక్కన. వద్దనుకుంటూనే ఏనుగుని తెచ్చాను. ఖాళీగా ఉన్న బల్ల చూడలేక. దాని పక్కన ఒక చీటీ పెట్టాను: ఈ బండిలో క్రేన్ తప్పు వైపు ఉంది.

ఎవరో ఒక పెద్దాయన, కర్ర పట్టుకుని, చీటీ చదివి, మరి తెలిసీ ఎందుకు పెట్టారు అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపల బావమరిది ఎక్కడినుంచి వచ్చాడో వచ్చి, బొటనవేలంత బొమ్మని చూపించి, ఆయన మా మావయ్యగారండీ, ఆయనకి కుడి భుజం లేచేది కాదు, అని మొదలుపెట్టాడు. బురద, హ్యాండిల్, తాళ్ళ పెట్టె. ఏడుగురో ఎనిమిదిమందో చుట్టూ చేరారు. నేను కూడా వాళ్ళ మధ్య నిలబడి విన్నాను. మా నాన్న కథ, టిక్కెట్టు లేని జనంతో కలిసి.

నాన్న మాట్లాడినట్టే మాట్లాడతాడు వాడు. మధ్యలో ఆగి, పెదవి కొరికి, మళ్ళీ మొదలుపెట్టడం. అది నాన్నది. నాకు రావాల్సింది.

ఏప్రిల్ 19, ఆదివారం

క్లబ్బు అయ్యాక వాణ్ణి ఇంటికి తీసుకొచ్చాను. సన్నరంపంతో క్రేన్ కోసేశాను. నాలుగేళ్ళ పని పావుగంటలో ఊడింది. బొమ్మని కూడా పీకేశాను, మళ్ళీ చెక్కాలి. వాడు పక్కగదిలో, నాన్న మంచం ఉండే చోట, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మొదటినుంచీ చెప్పరా, ఒక్కటీ వదలకుండా, అన్నాను. ఎదురుగా కూర్చుని వినలేను, చేతుల్లో పని ఉండాలి అన్నాను. వాడికి అర్థమైంది.

తలుపు తీసే ఉంచాను. మా ఆవిడ పెయింటు వాసన అంది. అయినా వేయలేదు. ఆవిడా వచ్చి గుమ్మంలో కూర్చుంది.

రెండున్నర గంటలు చెప్పాడు. ఇంకా సగం కూడా కాలేదట. వాడి దగ్గర ఎంత ఉందో! పదకొండు నెలల నాన్న ఉన్నాడు వాడి దగ్గర. కుళ్ళు పోలేదు. ఎక్కడికి పోతుంది, వచ్చే ఆదివారం కూడా వాడే రావాలి కదా.

ఏప్రిల్ 21

వాచీ ఎడమ చేతికి మార్చాను. పొద్దున్నుంచి ఏడుసార్లు కుడి మణికట్టు చూసుకున్నాను. అక్కడ తెల్లటి చార ఉంది. టైము లేదు.